బండి ముచ్చట్లు: మూడో వరుసల ఎవరు కూసుంటరు?

ప్రశ్న (హన్మకొండ నుంచి): అన్నా, ఇంట్ల ఏడుగురం ఉంటం. నేను, మా ఆవిడ, బాపు, అమ్మ, డిగ్రీ చదివే తమ్ముడు, ఇద్దరు పిల్లలు. బాపుకు మోకాళ్ళ నొప్పులు. చిన్న కారు అమ్మేసి పెద్ద ఎస్‌యూవీ తీసుకుందామని చూస్తున్నం. నాకు సఫారీ, ఎక్స్‌యూవీ700 నచ్చినయి, తమ్ముడు స్కార్పియో-ఎన్ లేదంటే సెకండ్ హ్యాండ్ ఫార్చ్యూనర్ అంటడు, మా మేనమామ ఏమో కండ్లు మూసుకొని ఇన్నోవా కొను అంటడు. హైదరాబాద్ తరచుగ పోతం, వేములవాడ, మేడారం కూడ అందరం కలిసే పోతం. లోపల జాగ, సీటు సుఖం ఎందుల బాగుంటదో చెప్పు.

జవాబు: తమ్మీ, మీ మేనమామ మాటకే నా ఓటు, కానీ ఎందుకో చెప్తా ఆగు.

బయట సెవెన్ సీటర్ అని రాసున్నంత మాత్రాన అన్ని బండ్లు ఒక్కతీరుగ ఉండవు. సఫారీ, ఎక్స్‌యూవీ700, స్కార్పియో-ఎన్‌ల ఏడు సీట్లంటే ముందు 2, మధ్యల 3, వెనక 2. అదే ఇన్నోవాల ఉన్న రెండు మోడళ్ళు, క్రిస్టా, హైక్రాస్‌ల ఏడు సీట్లంటే ముందు 2, మధ్యల రెండు విడి విడి క్యాప్టెన్ సీట్లు, వెనక 3. ఇప్పుడు మీ ఇంటోళ్ళను కూసోబెట్టి చూడు. ఇన్నోవాల బాపు, అమ్మ చెరొక సీట్ల చేతులానించుకొని కూసుంటరు, ఆ రెండు సీట్ల నడిమిట్ల సందుంటది కాబట్టి పిల్లలు అందులకెళ్ళే వెనకకు దూరి పోతరు, బాపును లేపే పనే ఉండది. మధ్యల బెంచి ఉన్న బండిల అయితే వెనకోళ్ళు ఎక్కాలన్నా దిగాలన్నా ఒక దిక్కు సీటు మడవాల్సిందే, టీ తాగనీకి ఆపిన ప్రతిసారీ బాపు దిగుడు, మళ్ళ ఎక్కుడు, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఇది చిన్న బాధ కాదు.

ఇంక వెనక సీటు సంగతి. అందరు లెగ్‌రూమ్ లెగ్‌రూమ్ అంటరు గానీ నన్నడిగితే ముందు చూడాల్సింది ఫ్లోర్‌కు, సీటుకు నడుమ ఎంత ఎత్తున్నదనేది. స్కార్పియో-ఎన్, ఫార్చ్యూనర్, క్రిస్టా ఈ మూడు ల్యాడర్ ఫ్రేమ్ బండ్లు, అంటే కింద ఇనుప చాసిస్ వేరే, దాని మీద బాడీ వేరే, అందుకే ఫ్లోర్ ఎత్తుల ఉంటది, ఎక్కేటప్పుడు కాలు బాగా పైకి లేపాలె. ఫ్లోర్ ఎత్తయి సీటు మాత్రం దానికి దగ్గర్నే ఉంటే మోకాళ్ళు ఛాతీ దాక లేస్తయి, తొడలు సీటుకు ఆనవు, బరువంతా నడుం మీదనే పడ్తది. మీ తమ్ముడు ఫార్చ్యూనర్ వెనక సీట్ల హన్మకొండ నుంచి ఉప్పల్ దాక కూసొని వస్తే ఆ తర్వాత వానికి నువ్వేం చెప్పక్కర్లేదు. పైంగ దాని మూడో వరుస సీట్లు మడిస్తే కిందికి పోవు, పక్క అద్దాల దిక్కు పైకి వేలాడ్తయి, డిక్కీల సగం జాగ అవే తింటయి. సఫారీ, ఎక్స్‌యూవీ700, హైక్రాస్ మోనోకాక్ బండ్లు, చాసిస్, బాడీ ఒక్కటే, వీటిల ఎక్కుడు దిగుడు కొంచెం నయం, అందుల కూడ హైక్రాస్ ఇంకా అల్కగ.

బ్రోచర్‌ల వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకు వెనక చక్రాలకు నడుమ దూరం, చూసి లోపల ఎంత జాగుంటదో లెక్కేసుకోకు. మారుతి వాళ్ళ చిన్న సెవెన్ సీటర్ ఎర్టిగా వీల్‌బేస్ 2740 ఎంఎం, సఫారీది 2741, అంటే ఒక్క ఎంఎం తేడా. కానీ వెడల్పు సఫారీది 1922, ఎర్టిగాది 1735. మధ్యల ముగ్గురు పెద్దోళ్ళు భుజాలు రాసుకోకుంట కూసోవాలంటే సఫారీనే, అందుల మాటే లేదు. హైక్రాస్ వీల్‌బేస్ 2850, ఆ పెరిగిన పొడుగు చాలా వరకు వెనకోళ్ళ కాళ్ళకు పోయింది.

సామాను మర్చిపోకు. ఏడు సీట్లు లేపి ఉంచితే సఫారీ డిక్కీ 73 లీటర్లు, అంటే రెండు చిన్న బ్యాగులు పెట్టంగనే అయిపాయె, స్కార్పియో-ఎన్‌ది కూడ అంతంత మాత్రమే. మేడారం పోయేటప్పుడు బెల్లం, బట్టలు, వంట గిన్నెలు ఎక్కడ పెడ్తవు? పైన క్యారియర్ కట్టి తాళ్ళు బిగించుడే. చిన్నదని తీసిపారేసే ఎర్టిగాల కూడ అన్ని సీట్లు ఉంచి 209 లీటర్లున్నయి, ఇది ఎవ్వరు చెప్పరు.

షోరూమ్‌ల ముందు సీట్లు ఫుల్లుగ ముందుకు జరిపి పెడ్తరు, వెనక పెద్ద హాలు లెక్క కనిపిస్తది. నువ్వు పోయినప్పుడు డ్రైవర్ సీటు నీకు కావాల్సినట్టు జరుపుకో, దాని వెనక బాపు, బాపు వెనక తమ్ముడు, ముగ్గురు వరుసగ కూసోండ్రి. మధ్య సీటు ముందుకెనక్కి జరుగుతదా లేదా చూడు, కొన్నిట్ల జరుగుతది కొన్నిట్ల ఒరుగుడు తప్ప జరుగుడుండది, జరగకపోతే వెనకోని కాళ్ళకు ఇంక దారి లేనట్టే. టెస్ట్ డ్రైవ్‌కు కూడ ఏడుగురు ఎక్కండ్రి, సేల్స్ పిల్లగాడు మొఖం మాడ్చుకున్నా సరే.

బడ్జెట్ అందితే హైక్రాస్ ఏడు సీట్లది. లేదు ఎస్‌యూవీనే కావాలె, రోడ్డు మీద దర్జా ఉండాలె అంటే సఫారీ బెంచి ఉన్నది చూడు, వెనక పిల్లలిద్దర్నే కూసోబెట్టు, తమ్ముణ్ణి మధ్యలకు తే.

ప్రశ్న (గోదావరిఖని నుంచి): మా బండిల నల్ల లెదరెట్ (తోలు లెక్క కనిపించే రెక్సిన్) సీట్లు, ఎండాకాలం కూసుంటే వీపు కాలిపోతున్నది. బయట సీటు కవర్లు వేయించొచ్చా?

జవాబు: లెదరెట్‌ల గాలి ఆడది, మీ రామగుండం ఎండకు అది పెనమే. కాటన్ కవర్ వేయించండి కానీ ముందు సీటు బయటి అంచుకు ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగు కుట్టి ఉన్నదా చూడండి. ఉంటే సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఆ సీట్లనే ఉన్నట్టు, అక్కడ కవర్ గట్టిగ బిగించి కుడితే అది టైముకు విచ్చుకోదు, కాబట్టి ఆ పక్క తెరిచి ఉండేటట్టు కుట్టమనండి. చిల్లులకెళ్ళి గాలి ఆడే వెంటిలేటెడ్ సీట్లయితే కవర్ అస్సలు వద్దు, పైసలు పెట్టి కొన్న చిల్లులు మీరే మూసుకున్నట్టయితది. ఎండల నిలబెట్టిన బండి ఎక్కంగనే అద్దాలు దించి రెండు నిమిషాలు నడిపి వేడి గాలి పోయినంక ఏసీ పెట్టుకోండి, సీట్లు జల్ది చల్లబడ్తయి.

ప్రశ్న (జనగామ నుంచి): మూడేండ్ల పాపను మా ఆవిడ ముందు సీట్ల ఒళ్ళో పట్టుకొని కూసుంటది, దగ్గర దగ్గర ఊర్లకే కదా, పర్వాలేదా?

జవాబు: పర్వా ఉన్నది. గట్టిగ బ్రేక్ వేస్తే ఎంత బలమున్న చేతులైనా పాపను ఆపలేవు, పైంగ డ్యాష్‌బోర్డ్‌ల ఉన్న ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే ముందు తగిలేది పాపకే. 14 ఏండ్ల లోపు పిల్లలను బెల్టో చైల్డ్ సీటో లేకుంట తీస్కపోతే మోటారు వాహనాల చట్టం 194బి కింద 1000 రూపాయల ఫైన్ కూడ ఉన్నది. మధ్య వరుసల కిటికీ పక్క సీటుకు ఐసోఫిక్స్ కొక్కాలు ఉన్నయా చూసి చైల్డ్ సీటు బిగించండి, మీ ఆవిడను పాప పక్కన కూసోమనండి.