బిడ్డకు ఎమ్మెస్సీ, కొడుకుకు ఎమ్మెస్: దేని లెక్క ఎంత?

ప్రశ్న: సార్, నమస్తే. మాది జడ్చర్ల దగ్గర పల్లె. మూడెకరాల పొలం, ఊళ్లో చిన్న ఎరువుల దుకాణం ఉన్నాయి. బిడ్డ బీఎస్సీ ఆఖరి సంవత్సరం, కెమిస్ట్రీలో మంచి మార్కులు వస్తాయి. పోలేపల్లి సెజ్‌లోని ఒక మందుల కంపెనీ ట్రైనీగా తీసుకుంటానంది, నెలకు 15 వేలు. ఆమె మాత్రం ఎమ్మెస్సీ చేస్తానంటోంది. మా బామ్మర్ది బీఈడీ చేయించమంటాడు. ఎమ్మెస్సీ చదివితే అంతకు మించిన సంబంధం చూడాల్సి వస్తుందని ఇంట్లో పెద్దవాళ్ల భయం. కొడుకు పోయినేడు హైదరాబాద్‌లో బీటెక్ సీఎస్ఈ పూర్తి చేసి ఇంట్లోనే ఉన్నాడు. అమెరికాలో ఎమ్మెస్ చేస్తాడట. కన్సల్టెన్సీ వాళ్లు 40 లక్షలు అవుతుందన్నారు. ఎకరంన్నర అమ్ముదామనుకుంటున్నా. ఈ పెద్ద చదువులు నిజంగా ఉద్యోగానికి పనికొస్తాయా?

జవాబు: మీ ఉత్తరం చదవగానే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. బిడ్డ ఎమ్మెస్సీ అనేసరికి బామ్మర్ది, ఇంట్లో పెద్దలు, కంపెనీ ఆఫర్, పెళ్లి సంబంధం అన్నీ మధ్యలోకి వచ్చాయి. కొడుకు ఎమ్మెస్‌కు మాత్రం ఎవరూ అడ్డు చెప్పినట్టు లేదు, నేరుగా పొలం అమ్మకం దాకా వెళ్లిపోయారు. నన్నడిగితే ఎక్కువ ప్రశ్నలు వేయాల్సింది కొడుకు చదువుకే. బిడ్డది చవకగా అయ్యే చదువు, ఆమెకు నచ్చిన సబ్జెక్టు, రోజూ వెళ్లి రాగలిగే దూరంలో యూనివర్సిటీ ఉంది. చదివించండి. కాకపోతే ఎలాంటి సీటు వస్తే చేర్చాలి, ఎలాంటిది వస్తే వద్దనుకోవాలి అన్నది ముందే తేల్చుకోవాలి.

పీజీ పనికొస్తుందా అని మొత్తంగా అడిగితే జవాబు దొరకదు. ఏ ఉద్యోగానికి అని అడగాలి. నోటిఫికేషన్‌లో విద్యార్హత అని ఒక గడి ఉంటుంది, ముందు అది చూడండి. గ్రూప్-1, గ్రూప్-2, గ్రూప్-3, బ్యాంకు పీఓ, వీటికి డిగ్రీ చాలు. ఎమ్మెస్సీ ఉన్నా ఒక్క మార్కు కూడా అదనంగా కలపరు. గ్రూప్స్ రాయాలనుకునేవాళ్లు హాస్టల్ గది కోసం, లైబ్రరీ కోసం పీజీలో చేరడం ఉస్మానియాలో ఎప్పటి నుంచో ఉన్నదే. అది వేరే లెక్క, చదువు కోసం చేసే పని కాదది. అదే జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్, పరిశోధన వంటి వాటికి పీజీ లేకపోతే దరఖాస్తే తీసుకోరు.

మీ బిడ్డ సబ్జెక్టుకు దగ్గరైన మందుల పరిశ్రమ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అందుకే కొంచెం వివరంగా చెప్పాలి. పోలేపల్లిలో గానీ, నల్లగొండ వైపు చౌటుప్పల్ చుట్టుపక్కల గానీ ఫ్యాక్టరీల్లో బీఎస్సీతో చేరినవాళ్లను ఎక్కువగా ప్రొడక్షన్‌లోనో, క్వాలిటీ కంట్రోల్‌లోనో వేస్తారు. ప్రొడక్షన్ అంటే రియాక్టర్ల దగ్గర బ్యాచ్ నడపడం, ఉష్ణోగ్రత, ప్రెజర్ చూసుకోవడం, చేసిన ప్రతి పనీ బ్యాచ్ రికార్డులో రాయడం. షిఫ్టుల్లో ఉండాలి. క్వాలిటీ కంట్రోల్ అంటే ల్యాబ్ పని: శాంపిల్ తీసుకుని హెచ్‌పీఎల్‌సీ, జీసీ మెషీన్ల మీద ఎంత శుద్ధంగా ఉందో చూడడం, రిపోర్టు రాయడం. ల్యాబ్ మీద ఇష్టం ఉన్న పిల్లకు ఇది బాగానే నచ్చుతుంది. నాలుగైదేళ్ల అనుభవం వస్తే బీఎస్సీ మీదే సీనియర్ అయినవాళ్లు, క్వాలిటీ అష్యూరెన్స్‌లోకి (అంతా నిబంధనల ప్రకారమే జరుగుతోందా అని చూసే విభాగం) మారినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆర్ అండ్ డీ సంగతి అలా కాదు. ఒక మందును తక్కువ మెట్లలో, తక్కువ ఖర్చుతో ఎలా తయారు చేయాలి, మధ్యలో వచ్చే మలినాలు ఏమిటి, వాటిని ఎలా వదిలించాలి, కొత్త పరీక్షా పద్ధతి ఎలా తయారు చేయాలి అని చూసే విభాగం అది. అక్కడికి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ, అనలిటికల్ కెమిస్ట్రీ, ఎం.ఫార్మసీ వాళ్లనే పిలుస్తారు. పైస్థాయిలో పీహెచ్‌డీలు ఉంటారు. బీఎస్సీతో ఫ్యాక్టరీలో చేరి అటువైపు వెళ్లడం బాగా కష్టం. కాబట్టి మీ బిడ్డను కూర్చోబెట్టి అడగాల్సింది ఇది: ఆమెకు కెమిస్ట్రీ ఇష్టమా, లేక చదువు ఆపేయడం ఇష్టం లేకనా? రెండోదైతే ఉద్యోగంలో చేరితేనే మంచిది. మొదటిదైతే ఎమ్మెస్సీ లేకుండా ఆమె కోరుకున్న పని దొరకదు.

ఇప్పుడు ఖర్చు. పాలమూరు యూనివర్సిటీ మహబూబ్‌నగర్‌లోని బండమీదిపల్లిలో ఉంది. మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. బస్సు ఖర్చు పోయింది, హాస్టల్ ఖర్చూ అక్కర్లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ప్రభుత్వ ఈపాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టండి, అయితే ఆ డబ్బు ఎప్పుడొస్తుందో దాని మీద ఆధారపడి కూర్చోకండి. అసలు ఖర్చు మీరు ఉత్తరంలో రాయని చోట ఉంది. 15 వేల జీతం రెండేళ్లు వదులుకుంటే 3 లక్షల 60 వేలు. ఎమ్మెస్సీకి మీరు కట్టే నిజమైన ఫీజు అదే. చదువు అయ్యాక మొదటి జీతం చూసి 'ఇంతేనా' అనుకుంటారు కూడా, ఎందుకంటే ఆ సమయానికి బీఎస్సీతో చేరిన స్నేహితురాలికి రెండేళ్ల అనుభవం వచ్చి ఉంటుంది. తేడా తెలిసేది ఆరేడేళ్ల తర్వాత, పని ఎటు సాగిందో చూసుకున్నప్పుడు. ఆ ఓపిక మీ ఇంట్లో ఉందా అన్నది మీరే చెప్పాలి.

లెక్చరర్ ఉద్యోగం కోసమే అయితే ఒక మాట గుర్తుంచుకోండి. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 1,392 లెక్చరర్ పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. అన్ని సబ్జెక్టులూ కలిపి అన్ని పోస్టులు. ఎంపికైనవాళ్ల చేతికి నియామక పత్రాలు వచ్చేసరికి 2025 అయింది. ఒక్క నోటిఫికేషన్‌ను నమ్ముకుని, అది రాకపోతే ఇంకో పీజీ, అదీ కాకపోతే మరో కోర్సు అని చేరుతూ పోయేవాళ్లను ఈ జిల్లాల్లో చూస్తూనే ఉన్నాం. మొదటి బోరు ఎందుకు ఎండిందో చూడకుండా పక్కనే రెండో బోరు వేసినట్టు ఉంటుంది ఆ పని.

దానికంటే సీఎస్ఐఆర్ నెట్ మీద దృష్టి పెట్టమనండి, సైన్స్ సబ్జెక్టుల్లో పరిశోధనకు, లెక్చరర్ అర్హతకు పెట్టే జాతీయ పరీక్ష అది. ఎమ్మెస్సీ ఆఖరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. మంచి ర్యాంకుతో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తర్వాత 42 వేల ఫెలోషిప్. ఇంటద్దె భత్యం వేరే. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి ఉంది, ఆడపిల్లలకు 5 ఏళ్ల సడలింపు ఇస్తారు. జేఆర్‌ఎఫ్ రాకున్నా నెట్ గానీ, ఉస్మానియా నిర్వహించే రాష్ట్రస్థాయి పరీక్ష సెట్ గానీ పాసైతే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హత ఉంటుంది. 2023లో యూజీసీ నిబంధన మార్చాక ఆ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. ప్రశ్నపత్రం మాత్రం కఠినం. గైడు బట్టీపట్టి గట్టెక్కే పరీక్ష కాదు, ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్ నుంచే మొదలుపెట్టాలి.

మీ బామ్మర్ది చెప్పిన బీఈడీ తీసిపారేసేది కాదు. రెండేళ్ల కోర్సు, ఎడ్‌సెట్ రాయాలి, తర్వాత టెట్, ఆపైన డీఎస్సీ. తెలంగాణ వచ్చాక మొదటి టీచర్ నోటిఫికేషన్ 2017లో, ఆ తర్వాతి పెద్దది 2024లో 11,062 పోస్టులతో. మధ్యలో ఎన్నేళ్లో చూడండి. పిల్లలకు చెప్పడం ఇష్టమైతే ఎమ్మెస్సీ అయ్యాక బీఈడీ చేస్తే గురుకులాల్లో పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్), జూనియర్ లెక్చరర్ పోస్టులకు కూడా అర్హత వస్తుంది, అక్కడ పీజీతో పాటు బీఈడీ అడుగుతారు. ఇష్టం లేకుండా, ఆడపిల్లకు టీచర్ ఉద్యోగం బాగుంటుందన్న ఒక్క కారణంతో మాత్రం చేర్చకండి.

సీటు సంగతి. రాష్ట్ర యూనివర్సిటీలన్నిటికీ ఒకటే ప్రవేశ పరీక్ష, సీపీగెట్. వంద ప్రశ్నలు, గంటన్నర సమయం, నెగెటివ్ మార్కులు లేవు. బీఎస్సీ పాఠాలు శ్రద్ధగా చదివినవాళ్లకు అందని పరీక్షేం కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఐఐటీలకు, వరంగల్ ఎన్‌ఐటీ లాంటి వాటికి జామ్ రాయాలి. జామ్ ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తు చాలా ముందే పెట్టాలి. మన పల్లెల పిల్లలు ఈ రెండు పరీక్షల పేర్లు వినేసరికి గడువు దాటిపోతోంది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. సెంట్రల్ యూనివర్సిటీలోనో, ఐఐటీలోనో ఎమ్మెస్సీ చేసిన పిల్లకూ, చిన్న ప్రైవేటు కాలేజీలో చేసిన పిల్లకూ సర్టిఫికెట్ మీద ఉండే అక్షరాలు ఒకటే. చేతికి తగిలిన పరికరాలు, కంపెనీలు పిలిచే తీరు వేరు.

నా సలహా ఇలా ఉంటుంది. సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, లేదా పాలమూరు యూనివర్సిటీ క్యాంపస్‌లో రెగ్యులర్ ఫీజు సీటు వస్తే చేర్చండి. చేరేముందు ఒకసారి ఆ డిపార్ట్‌మెంట్‌కు మీరూ బిడ్డా వెళ్లి రండి. రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ అధ్యాపకుల ఖాళీలు చాలా ఉన్నాయి, కాబట్టి ఎవరు చెప్తున్నారో, ల్యాబ్‌లో ఏ పరికరాలు పనిచేస్తున్నాయో, ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు కంపెనీలో చేయనిస్తారో లేదో సీనియర్లను అడగండి. వాళ్లు దాచుకోకుండా చెప్తారు. ఎక్కువ ఫీజుతో సెల్ఫ్ ఫైనాన్స్ సీటు, ల్యాబ్ సరిగా లేని కాలేజీ మాత్రమే దొరికితే ఈ ఏడాది వదిలేసి పోలేపల్లి ఉద్యోగంలో చేరమనండి. ఒక ఏడాది క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసి, సాయంత్రాలు జామ్‌కు చదివి మళ్లీ రాయొచ్చు, ఆ పరీక్షకు వయోపరిమితి లేదు. ఏడాది అనుభవం ఉన్న పిల్ల ఎమ్మెస్సీలో చేరితే క్లాసులో చెప్పేది ఎందుకో ఆమెకు ముందే తెలుస్తుంది.

సంబంధాల విషయంలో నేను చెప్పేది పెద్దగా లేదు. సొంత జీతం ఉన్న పిల్లకు వచ్చే సంబంధాలు మీ పెద్దవాళ్లు ఊహించే వాటికంటే మెరుగ్గానే ఉంటాయి.

ఇక మీవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఇక్కడ ఎమ్మెస్ గానీ, ఎంటెక్ గానీ అక్కర్లేదు. ఏడాదిగా ఇంట్లో ఉన్నాడంటే ఇంటర్వ్యూల్లో ఎక్కడ ఆగిపోతున్నాడో ముందు తెలుసుకోవాలి. కోడింగ్ పరీక్షలోనా, ఇంగ్లిష్‌లోనా, లేక అసలు దరఖాస్తులే పెట్టడం లేదా? ఇక్కడ ఆగిన చోటే అక్కడా ఆగుతాడు. తేడా ఏమిటంటే అక్కడ ఆగితే నెత్తిన అప్పు ఉంటుంది. ఆ 40 లక్షల్లో 30 లక్షలు 11 శాతం వడ్డీతో పదేళ్లకు అప్పు తీసుకుంటే నెలకు సుమారు 41 వేల కిస్తీ, చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దానికి అదనం. రూపాయల జీతంతో తీర్చగలిగే అప్పు కాదది, అక్కడ ఉద్యోగం రావాల్సిందే. ఎమ్మెస్ అయ్యాక అక్కడ పని చేసుకోవడానికి ఓపీటీ కింద 12 నెలలు, సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులవాళ్లకు మరో 24 నెలలు ఇస్తున్నారు. ఆలోపు హెచ్-1బీ, అంటే అక్కడ ఉద్యోగం చేసుకునే వీసా, రావాలి. ఏడాదికి ఉన్నవి 85 వేలు, అందులో 20 వేలు అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు. దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు వస్తాయి కాబట్టి ఎంపిక అదృష్టం మీద కూడా ఆధారపడుతుంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవాళ్లకు అది వర్తించదని తర్వాత వివరణ వచ్చింది. నిబంధనలు ఇంత వేగంగా మారుతున్నప్పుడు కన్సల్టెన్సీ వాళ్ల మాట మీద పొలం అమ్మకండి. వాళ్లకు కమిషన్ వచ్చేది మీవాడు విమానం ఎక్కినప్పుడు, ఉద్యోగం వచ్చినప్పుడు కాదు.

పొలం అమ్మడం దాకా మీరు ఎందుకు వెళ్లారో నాకు అర్థమైంది. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు విద్యారుణానికి హామీగా తీసుకోవు, ఇల్లో, ప్లాటో అడుగుతాయి. కానీ ఇంకో దారి ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాల్లో 20 లక్షల వరకు సాయం ఉంది. అక్కడికి వెళ్లి చేరాకే మొదటి విడత ఇస్తారు, కాబట్టి టికెట్టుకు, తొలి ఫీజుకు ముందు మీరే సర్దుకోవాలి. మీరు ఆ కోవలోకి వస్తే సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసులో అడగండి. జర్మనీలో చాలా ప్రభుత్వ వర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, ఏడాది ఖర్చుకు దాదాపు 12 వేల యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు కొంత చొప్పునే తీసుకోనిచ్చే ఖాతా) చూపించాలి. జర్మన్ భాష రాకుండా ఉద్యోగం దొరకడం మాత్రం కష్టం. ఏ దేశమైనా, ముందు ఇక్కడ ఒకటి రెండేళ్లు ఏ చిన్న కంపెనీలోనైనా పని చేసి వెళ్లమనండి. అప్పటికీ వెళ్లాలనిపిస్తే అతని జీతం నుంచే పరీక్షల ఖర్చు, దరఖాస్తుల ఖర్చు పెట్టుకుంటాడు.

మళ్లీ బిడ్డ దగ్గరికి, ఇది ఈ వారమే చూడండి. ఆ కంపెనీ ఇచ్చిన ఆఫర్ కాగితం పూర్తిగా చదవండి. ప్రొడక్షన్‌కా, క్వాలిటీ కంట్రోల్‌కా, జనరల్ షిఫ్టా, మూడు షిఫ్టులా, కంపెనీ బస్సు మీ ఊరి దాకా వస్తుందా అన్నవి హెచ్ఆర్‌ను ఫోన్లో అడిగితే చెప్తారు. రెండేళ్ల బాండ్ రాయమంటే, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుంటామంటే ఒప్పుకోకండి. జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి. సీపీగెట్ సీటు వస్తే కాలేజీలో రిపోర్ట్ చేసే రోజు టీసీతో సహా అవన్నీ చేతిలో ఉండాలి.