రెండో కంట్రోలర్ ఉన్నా వేగం ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మా కార్యాలయంలోని స్టోరేజీలో రెండు కంట్రోలర్లు (సర్వర్లకూ డిస్కులకూ మధ్య డేటాను నడిపే భాగాలు) ఉన్నాయి. ఒకటి పాడైనప్పుడు డేటా పోలేదు కానీ, పనులన్నీ నత్తనడక నడిచాయి. కొత్తది అమర్చినా భారమంతా రెండోదానిపైనే ఉండిపోయింది. ఇది లోపమా?

జవాబు: లోపం కాకపోవచ్చు. సర్వర్ పంపిన డేటాను కంట్రోలర్ తన క్యాష్‌లో (తాత్కాలిక మెమరీలో) ఉంచుకొని, దాని నకలును జంట కంట్రోలర్‌కు చేర్చిన తర్వాతే, డిస్కుపై రాయకముందే, పని పూర్తయినట్లు సర్వర్‌కు బదులిస్తుంది. అందువల్ల ఒకటి ఆగిపోయినా, డిస్కుకు చేరని డేటా రెండోదానిలో భద్రంగా ఉంటుంది. ఒంటరిగా మిగిలినదానికి నకలు దాచే తోడు ఉండదు కనుక, చాలా పరికరాలు డిస్కుపై రాశాకే బదులిచ్చే రైట్-త్రూ పద్ధతికి మారతాయి. వేగం పడిపోవడానికి ఇది ప్రధాన కారణం. దీనికితోడు, మామూలు రోజుల్లోనే రెండు కంట్రోలర్లూ సగానికి మించిన భారంతో నడుస్తుంటే, మిగిలిన ఒక్కటి ఆ మొత్తాన్ని మోయలేదు. కొనేటప్పుడు ఈ లెక్క చూసేవారు తక్కువే.

ఇక భారం రెండోదానిపైనే ఉండిపోవడం సంగతి. ఒక కంట్రోలర్ ఆగినప్పుడు, అది చూసుకునే వాల్యూములు (స్టోరేజీ స్థలంలోని భాగాలు) రెండోదాని చేతికి వెళ్తాయి. వాటి యాజమాన్యాన్ని కొత్తదానికి వెనక్కి ఇవ్వడం కొన్ని పరికరాల్లో దానంతటదే జరుగుతుంది, కొన్నింటిలో నిర్వాహకుని ఆదేశం కోసం ఆగుతుంది. నా దృష్టిలో ఆగడమే మేలు. సరిగా కోలుకోని కంట్రోలర్ పదేపదే రీస్టార్ట్ అయితే, వాల్యూములు అటూ ఇటూ మారుతూ సర్వర్లను మరింత ఇబ్బంది పెడతాయి. కొత్తదాని ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండే సాఫ్ట్‌వేర్) వెర్షన్ జంటతో సరిపోయిందనీ, క్యాష్ నకలు మళ్లీ మొదలైందనీ, స్టోరేజీకి ఉన్న వేర్వేరు దారులను చూసుకునే, సర్వర్లలోని మల్టీపాత్ సాఫ్ట్‌వేర్‌కు అన్ని దారులూ కనిపిస్తున్నాయనీ చూసుకొని, రద్దీ లేని వేళ వాల్యూములను వెనక్కి మార్చండి.