ఇంగ్లిష్ సందేహాలు: నడుస్తూ వాన మొదలవుతుందా?

ప్రశ్న: నేను ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్షకు సిద్ధమవుతున్నాను. ‘వైల్ వాకింగ్ టు ద బస్ స్టాండ్, ద రెయిన్ స్టార్టెడ్’ అనే వాక్యంలో తప్పు గుర్తించమని ఒక నమూనా పత్రంలో అడిగారు. బస్టాండుకు నడుస్తుంటే వాన మొదలైంది అని తెలుగులో అంటాం కదా. జవాబులో ‘మాడిఫయర్ ఎర్రర్’ అని మాత్రమే రాసి వదిలేశారు. ఇలాంటి తప్పును ఎలా గుర్తుపట్టాలి?
– డిగ్రీ విద్యార్థిని, నంద్యాల

జవాబు: మీ తెలుగు వాక్యంలో దోషం లేదు, కానీ ఆ ఇంగ్లిష్ వాక్యం దానికి సమానం కాదు. ‘నడుస్తుంటే’ అన్నప్పుడు నడిచేది ఒకరు, తరువాతి పని చేసేది మరొకరు కావచ్చు. ‘నడుస్తూ’ అన్నప్పుడు ఆ వెసులుబాటు లేదు, రెండు పనులకూ కర్త ఒక్కటే కావాలి. ‘బస్టాండుకు నడుస్తూ వాన మొదలైంది’ అని ఎవరైనా అంటే, వ్యాకరణం చదవని వారి చెవికి కూడా అది ఎబ్బెట్టుగా తగులుతుంది. ఇంగ్లిష్‌లో వాక్యం మొదట వచ్చే ఐఎన్‌జీ రూపం మన ‘తూ’ వంటిది, ‘తుంటే’ వంటిది కాదు. కామా దాటగానే వచ్చే కర్తే ఆ పని కూడా చేస్తున్నట్లు లెక్క కాబట్టి, మీ ప్రశ్నలోని వాక్యం ప్రకారం బస్టాండుకు నడిచింది వానే. మీ నమూనా పత్రం ‘మాడిఫయర్ ఎర్రర్’ అన్నది ఈ దోషాన్నే. ముందు ‘వైల్’ చేర్చినంత మాత్రాన ఈ దోషం పోదు. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు దానిని చేర్చేది చాలాసార్లు అభ్యర్థిని ఏమార్చడానికేనని నా అనుమానం.

దిద్దడానికి రెండు దారులున్నాయి. కామా తరువాత నడిచిన మనిషినే కర్తగా నిలపవచ్చు: ‘వాకింగ్ టు ద బస్ స్టాండ్, ఐ గాట్ కాట్ ఇన్ ద రెయిన్.’ లేదా మొదటి భాగానికి దాని కర్తను దానికే ఇవ్వవచ్చు: ‘యాజ్ ఐ వాజ్ వాకింగ్ టు ద బస్ స్టాండ్, ఇట్ స్టార్టెడ్ టు రెయిన్.’ ‘ఆఫ్టర్ ఈటింగ్ టిఫిన్, ద బస్ కేమ్’ అన్నా ఇదే కథ. ‘టిఫిన్ తిన్నాక బస్సు వచ్చింది’ అనవచ్చు గాని, ‘టిఫిన్ తిని బస్సు వచ్చింది’ అంటే బస్సు టిఫిన్ తిన్నట్లే. కనుక అనుమానం వచ్చినప్పుడు మొదటి భాగాన్ని మనసులో ‘తూ’తోనో, ‘తిని’, ‘వెళ్ళి’ వంటి క్త్వార్థకంతోనో తెలుగు చేసి చూడండి. బడిలో రెండు సామాన్య వాక్యాలను కలిపి సంశ్లిష్ట వాక్యంగా మార్చినప్పుడు మీరు పాటించిన సూత్రం ఇదే.

అయితే ఇలా తెలుగు చేసి చూసే పద్ధతికి ఒక హద్దు ఉంది. మొదటి పని రెండోదానికి కారణమైనప్పుడు ‘వానలు లేక పంట పోయింది’ అని తెలుగు రెండు కర్తలను సహిస్తుంది. ఇంగ్లిష్ కూడా సహిస్తుంది గాని, మొదటి కర్తను పైకి చెప్పమంటుంది: ‘ద రెయిన్స్ హావింగ్ ఫెయిల్డ్, ద క్రాప్ వాజ్ లాస్ట్.’

అన్నిటికన్నా ఎక్కువగా ఈ తప్పు దొర్లేది కార్యాలయాల ఉత్తరాల్లో. ‘హావింగ్ ఎగ్జామిన్డ్ ద ఫైల్, ద అప్లికేషన్ ఈజ్ రిజెక్టెడ్’ అని రాస్తే, దరఖాస్తే ఫైలును పరిశీలించి తిరస్కరణకు గురైందని అర్థం వస్తుంది. తెలుగులో ‘ఫైలును పరిశీలించి దరఖాస్తును తిరస్కరించారు’ అని కర్తను చెప్పకుండానే నడపగలం, ఎందుకంటే ‘తిరస్కరించారు’ అనే క్రియే ఆ పని చేసిన వారిని సూచిస్తుంది. ఇంగ్లిష్ కర్మణి వాక్యంలో ఆ ఆధారం ఉండదు. ‘ద కమిటీ’ అనో, ‘వి’ అనో కర్తను తెచ్చి కామా పక్కన నిలిపితే సరిపోతుంది. ‘కన్సిడరింగ్’, ‘రిగార్డింగ్’, ‘జనరల్లీ స్పీకింగ్’ వంటివి మాత్రం వాడుకలో విభక్తుల్లాగా, అవ్యయాల్లాగా స్థిరపడ్డాయి కనుక వాటికి కర్తను వెతకనక్కరలేదు. ‘కన్సిడరింగ్ హిజ్ ఏజ్, ద పనిష్‌మెంట్ ఈజ్ సివియర్’ తప్పు కాదు.

ప్రశ్న: ‘ఓన్లీ’ అనే మాట వాక్యంలో ఎక్కడ రావాలి? మా పిల్లలు చివరన పెట్టేస్తున్నారు.
– ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: ‘మాది ఖమ్మమే’ అనేటప్పుడు మాట చివర అంటుకునే ఏకారాన్ని పిల్లలు ఇంగ్లిష్‌లోకి మోసుకుపోతున్నారు. ‘ఐ యామ్ ఫ్రమ్ ఖమ్మం ఓన్లీ’ అలా పుట్టిందే. మన ఏకారం తాను నొక్కిచెప్పే మాటకు వెనుక చేరితే, ‘ఓన్లీ’ సాధారణంగా దానికి ముందు నిలుస్తుంది. ‘రాత్రే అన్నం తింటాను’ అంటే ‘ఐ ఈట్ రైస్ ఓన్లీ ఎట్ నైట్’, ‘రాత్రి అన్నమే తింటాను’ అంటే ‘ఎట్ నైట్ ఐ ఈట్ ఓన్లీ రైస్’, ‘నేనొక్కడినే తింటాను’ అంటే ‘ఓన్లీ ఐ ఈట్ రైస్ ఎట్ నైట్.’ ‘ఐ ఓన్లీ హావ్ టెన్ రుపీస్’ అని క్రియకు ముందు పెట్టడం మాటల్లో ఇంగ్లిష్ వారికి అలవాటే, దానిని తప్పుపట్టడం నాకు అతిగా తోస్తుంది. రాతలో మాత్రం ఒత్తి పలికే గొంతు ఉండదు కాబట్టి సరైన చోట పెట్టడమే క్షేమం. ‘ఆల్మోస్ట్’, ‘నియర్లీ’లదీ ఇదే దారి. ‘ఐ ఎర్న్‌డ్ ఆల్మోస్ట్ టెన్ థౌజండ్’ అంటే దాదాపు పదివేలు చేతికి వచ్చాయి, ‘ఐ ఆల్మోస్ట్ ఎర్న్‌డ్ టెన్ థౌజండ్’ అంటే వచ్చినట్లే వచ్చి తప్పిపోయి ఉండవచ్చు.

ప్రశ్న: మా వీధిలో ‘హౌస్ ఫర్ ఎ స్మాల్ ఫ్యామిలీ విత్ త్రీ బెడ్‌రూమ్స్’ అని టులెట్ బోర్డు పెట్టారు. ఇది సరైనదేనా?
– గృహిణి, విజయనగరం

జవాబు: కాదు. మూడు పడకగదులున్న చిన్న కుటుంబం కావాలని ఆ బోర్డు అంటోంది. తెలుగులో విశేషణాలన్నీ విశేష్యానికి ముందే వస్తాయి, ఇంగ్లిష్‌లో ‘విత్’, ‘హూ’, ‘విచ్’లతో మొదలయ్యే పొడవైన విశేషణాలు వెనుక వస్తాయి, వచ్చి తమకు దగ్గరగా ఉన్న నామాన్నే పట్టుకుంటాయి. ‘త్రీ బెడ్‌రూమ్ హౌస్ ఫర్ ఎ స్మాల్ ఫ్యామిలీ’ అని మార్చమని ఇంటివారికి చెప్పండి, బోర్డు మీద చోటు కూడా కలిసొస్తుంది.