జీతం, షేర్లు, ఆరోగ్య బీమా: అన్నీ ఒకే కంపెనీ మీద ఆధారపడి ఉంటే

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్ రాయదుర్గంలోని ఒక అమెరికన్ బహుళజాతి సంస్థలో ఏడేళ్లుగా ఇంజినీరుగా పనిచేస్తున్నాను. నెలకు 2.2 లక్షలు చేతికొస్తాయి. కొంతకాలం పనిచేశాకే సొంతమయ్యేలా కంపెనీ ఏటా ఇచ్చే ఆర్‌ఎస్‌యూ షేర్లను ఇంతవరకు ఒక్కటీ అమ్మలేదు. వాటి విలువ ఇప్పుడు 70 వేల డాలర్లు దాటింది. తెల్లాపూర్ ఫ్లాటుపై ఇంకా 52 లక్షల అప్పుంది, 15 ఏళ్లపాటు నెలకు 51 వేల ఈఎంఐ కట్టాలి. మా వారు ప్రైవేటు కళాశాలలో అధ్యాపకులు. ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చినదే. అమ్మ, మధుమేహం ఉన్న నాన్నగారు కూడా అందులోనే ఉన్నారు. ఇటీవల మా విభాగంలో కొందరిని తీసేశారు. షేర్లు ఉంచుకోవాలా, అమ్మి అప్పు తీర్చాలా? వేరే ఉద్యోగం వస్తే, వచ్చే మేలో రావలసిన షేర్లు వదులుకోవడం నష్టమా?

జవాబు: షేర్లు, అప్పు, ఉద్యోగం అని మీరు విడివిడిగా అడిగినా, ఇవన్నీ ఒకే ప్రశ్న. మీ జీతం, మీ పొదుపు, మీ తల్లిదండ్రుల ఆసుపత్రి ఖర్చు ఒకే కంపెనీ మంచిచెడ్డల మీద ఆధారపడి ఉన్నాయి. పెద్ద కంపెనీ కాబట్టి భయం లేదని చాలామంది అనుకుంటారు. కానీ కంపెనీకి గడ్డుకాలం వచ్చినప్పుడు ఉద్యోగాల కోత, షేరు పతనం తరచుగా కలిసే వస్తాయి. 2024 ఆగస్టు 1న ఇంటెల్ దాదాపు 15 వేల ఉద్యోగాలు తగ్గిస్తున్నట్టు ప్రకటించగా, మర్నాడు ఒక్కరోజులోనే ఆ షేరు 26 శాతం పడిపోయింది. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని తొలగించే నాటికి, ఆ ఏడాది మొదట్లో ఉన్న షేరు ధరలో మూడింట రెండు వంతులకు పైగా కరిగిపోయింది. తర్వాత మెటా షేరు బాగా కోలుకున్న మాట నిజమే. అయితే ఉద్యోగం పోయి, ఐదో తేదీకల్లా ఈఎంఐ కట్టవలసిన వ్యక్తికి అది కోలుకునేదాకా ఆగే వెసులుబాటు ఉండదు.

అమ్మితే పన్ను విపరీతంగా పడుతుందన్న అపోహే చాలామందిని ఆపుతోంది. మీ బ్రోకరేజీ ఖాతా తెరిచి పాత షేర్ల వరుస ఒకటి చూడండి. ఉదాహరణకు, మూడేళ్ల కిందట 150 డాలర్ల ధర వద్ద 40 షేర్లు వెస్ట్ అయ్యాయి, అంటే మీ సొంతమయ్యాయి అనుకుందాం. ఆ రోజే వాటి మొత్తం విలువను మీ జీతంగా లెక్కగట్టి, పన్ను కోసం 13 షేర్లు అమ్మేసి, మిగిలిన 27 మీ ఖాతాలో వేసి ఉంటారు. ఇప్పుడు ధర 210 డాలర్లైతే, అమ్మగా వచ్చే 5,670 డాలర్లలో లాభం 1,620 డాలర్లే. 24 నెలలు దాటిన విదేశీ షేర్ల లాభంపై పన్ను 12.5 శాతం. సెస్సుతో కలిపి దాదాపు 210 డాలర్లు, అంటే చేతికొచ్చే సొమ్ములో నాలుగు శాతం లోపే. లాభాన్ని రూపాయల్లో లెక్కిస్తారు కనుక మారకపు రేటును బట్టి కొంత పెరుగుతుంది. వెస్ట్ అయిన రోజే జీతపు పన్ను తీరిపోయింది కాబట్టి, అమ్మకుండా ఉంచుకోవడమంటే ఆ జీతంతో అదే కంపెనీ షేర్లు కొనడమే.

మరో చిక్కు మీకు తెలిసి ఉండకపోవచ్చు. అమెరికా పౌరసత్వం గాని, నివాసం గాని లేనివారు మరణిస్తే, వారి పేరిట ఉన్న అమెరికన్ కంపెనీల షేర్లలో 60 వేల డాలర్లకు మించిన విలువపై అక్కడి ప్రభుత్వం వారసత్వపు పన్ను వేస్తుంది. దాని గరిష్ఠ రేటు 40 శాతం. ఈ పన్ను విషయంలో భారత్‌కు అమెరికాతో ఒప్పందం లేదు. మీరు ఇప్పటికే ఆ గీత దాటారు.

అందువల్ల ఐదింట నాలుగు వంతుల షేర్లు అమ్మమని నా సలహా. 24 నెలలు దాటినవాటిని ముందు అమ్మండి. అయితే అన్నీ ఒకే ఆర్థిక సంవత్సరంలో వద్దు. మీ మొత్తం ఆదాయం 50 లక్షలు దాటితే పన్నుపై 10 శాతం సర్‌చార్జి పడుతుంది కనుక, సగం ఈ ఏడాది, సగం ఏప్రిల్ తర్వాత అమ్మండి. త్రైమాసిక ఫలితాలకు ముందు ఉద్యోగులు షేర్లు అమ్మకూడదని చాలా కంపెనీల్లో నిబంధన ఉంటుంది. మార్చి నెలాఖరుదాకా ఆగితే ఆ నిషేధ కాలం అడ్డు రావచ్చు, మీ కంపెనీ తేదీలు ముందే కనుక్కోండి.

వచ్చిన డబ్బులో మొదట పది లక్షలు అత్యవసర నిధిగా డిపాజిట్లో ఉంచండి. పాతిక లక్షలు ఇంటి అప్పుకు కట్టండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతుండే) గృహరుణంపై ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు. ఇలా కట్టినప్పుడు బ్యాంకులు సాధారణంగా గడువు తగ్గిస్తాయి, వడ్డీ ఆదాకు అదే మంచిదని అందరూ చెబుతారు. మీ విషయంలో నేను దానితో ఏకీభవించను. గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. అది 27 వేల లోపుకు వస్తుంది. మీ జీతం ఆరు నెలలు ఆగినా మీ వారి జీతంతో ఇల్లు నిలబడటమే ఇప్పుడు ముఖ్యం. మిగిలిన సొమ్మును సూచీలోని కంపెనీలన్నింటిలో డబ్బు పెట్టే భారతీయ ఇండెక్స్ ఫండ్లలో నెలనెలా కొద్దికొద్దిగా పెట్టండి.

బీమా విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. కంపెనీ పాలసీ సాధారణంగా ఉద్యోగంతోపాటే ముగుస్తుంది. సొంత పాలసీలో నాన్నగారి మధుమేహం వంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ కాలం ఉండవచ్చు. ఆ మూడేళ్లు కంపెనీ పాలసీ అండగా ఉండగానే గడిచిపోవాలంటే, తల్లిదండ్రులకు సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోవాలి. దరఖాస్తులో జబ్బులేవీ దాచకండి.

రిటర్ను ఐటీఆర్-2లో వేసి, విదేశీ ఆస్తుల పట్టికైన షెడ్యూల్ ఎఫ్ఏలో ఈ షేర్లు తప్పక చూపండి. దానికి లెక్క ఆర్థిక సంవత్సరం ప్రకారం కాదు, జనవరి నుంచి డిసెంబరు వరకు. గత రిటర్నులలో చూపకపోయి ఉంటే ముందుగా ఒక చార్టర్డ్ అకౌంటెంటును కలవండి.

ఇక మే నెల షేర్ల సంగతి. ఇంకా వెస్ట్ కాని షేర్లు మీ ఆస్తి కాదు. మిమ్మల్ని తొలగిస్తే అవి దక్కకపోవచ్చు కూడా. మంచి ఉద్యోగం వస్తే, వదులుకుంటున్న షేర్ల విలువను, అందులో పన్ను పోగా మిగిలేదాన్ని లెక్కవేసి, దానికి దీటుగా జాయినింగ్ బోనస్ ఇమ్మని కొత్త సంస్థను అడగండి. వెస్టింగ్ పట్టిక చూపిస్తే ఆ బేరానికి పెద్ద కంపెనీలు తరచుగా ఒప్పుకుంటాయి. ఐదేళ్లు దాటినందున గ్రాట్యుటీ మీకు ఎలాగూ వస్తుంది. పీఎఫ్‌ను వెనక్కు తీసుకోకుండా కొత్త ఖాతాకు మార్చుకోండి.