ఫ్లాస్కును ‘స్టీల్ బాటిల్’ అని రాయిస్తే యాంటీ డంపింగ్ డ్యూటీ తప్పుతుందా?

తమ్మీ, పెళ్లిళ్ల సీజన్‌లో రిటర్న్ గిఫ్టులుగా అమ్మడానికి చైనా నుంచి వెయ్యి స్టీల్ ఫ్లాస్కులు హనుమకొండకు తెప్పిస్తున్నా అన్నావు. విదేశీ సరుకు మరీ చవగ్గా వచ్చి ఇక్కడి తయారీదారులను దెబ్బతీయకుండా వేసే అదనపు సుంకం, అంటే యాంటీ డంపింగ్ డ్యూటీ, పడకుండా ఇన్వాయిస్‌లో ‘స్టీల్ వాటర్ బాటిల్’ అని రాసి 7323 కస్టమ్స్ కోడ్ వేస్తానని సప్లయర్ అంటున్నాడు. లేదంటే మలేషియా మీదుగా పంపుతాడట. ఏది మంచిదని అడిగావు. రెండూ వద్దు. కస్టమ్స్‌లో దాఖలు చేసే బిల్ ఆఫ్ ఎంట్రీ మీద ఉండేది నీ పేరు, సప్లయర్ పేరు కాదు. 2011 నుంచి మన దగ్గర సెల్ఫ్ అసెస్‌మెంట్, అంటే డ్యూటీ లెక్క దిగుమతిదారే వేసుకోవాలి. కోడ్ సరిగా వేసే బాధ్యత నీదే. సీహెచ్ఏ (కస్టమ్స్ ఏజెంటు) వేశాడు, నాకు తెలీదు అంటే ఎవరూ వినరు.

ఈ ముక్క నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కరీంనగర్ వైపు గ్రానైట్ ఫ్యాక్టరీలకు రాయి కోసే డైమండ్ బ్లేడ్లు అమ్ముతుంటాను. సొంతంగా తెప్పించిన మొదటి కంటైనర్‌కి, గుండ్రటి రంపం బ్లేడే కదా అని రంపాల కోడ్ 8202 వేశాం. సరుకు చూడటానికి వచ్చిన ఆఫీసర్ ఒక బ్లేడు తీయించి బల్ల మీద పెట్టించాడు. అంచు మీద వేలు తిప్పుతూ ‘స్టీలుకి పళ్లేవయ్యా?’ అన్నాడు. నేను అంచున ఉన్న గాట్లు చూపించాను. ‘అవి సందులు. రాయిని కోసేది ఏది?’ అని అడిగాడు. కోసేది అంచుకు అతికించిన డైమండ్ సెగ్మెంట్లు. అవి ఊడిపోతే మిగిలేది ఉత్త రేకు. అబ్రేసివ్ (అరగదీసే పదార్థం) అంటించిన పనిముట్టు, 8202 ఉండే కస్టమ్స్ టారిఫ్ 82వ చాప్టర్‌లోకి రావాలంటే స్టీలుకి సొంతంగా పళ్లుండాలి, అబ్రేసివ్ అంటించాక కూడా ఆ పళ్లు పని చేయాలి అని ఆ చాప్టర్ మొదటి నోట్‌లోనే ఉంది. మేము నోట్ చదవలేదు, హెడింగ్ చదివి ఊరుకున్నాం. సరైన కోడ్ 6804 అయింది. డ్యూటీ రేటు సంగతి అటుంచు, కాగితాలు మార్చేసరికి తొమ్మిది రోజులు పోయాయి. కంటైనర్ ఆలస్యానికి కట్టే డిటెన్షన్, సరుకు అక్కడ ఉంచినందుకు కట్టే గ్రౌండ్ రెంట్ కలిపి ఆ కంటైనర్ మీద వచ్చే లాభమంతా తినేశాయి. అవతల ఫ్యాక్టరీవాళ్ల ఫోన్లు, ఆ టెన్షన్ వేరే.

నీ ఫ్లాస్కుకీ అదే పరీక్ష. ఒంటి గోడ స్టీల్ బాటిల్ అయితే 7323 నిజమే. రెండు గోడలుండి మధ్యలో గాలి తీసేస్తే అది వ్యాక్యూమ్ ఫ్లాస్కు, 9617. మరిగే నీళ్లు పోసి బయట పట్టుకుని చూడు, చెయ్యి కాలకపోతే అది ఏమిటో నీకే తెలుస్తుంది. పైగా యాంటీ డంపింగ్ డ్యూటీ పడేది కోడ్‌ను చూసి కాదు, వస్తువును చూసి. ఈ సుంకం సిఫారసు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీటీఆర్ తన రిపోర్టుల్లో కోడ్ సూచన కోసమేనని మామూలుగా రాస్తూనే ఉంటుంది. అంటే తప్పు కోడ్ వేసినా డ్యూటీ తప్పదు, అబద్ధం చెప్పావన్న ముద్ర మాత్రం అదనంగా పడుతుంది. కావాలని దాచినట్టు తేలితే ఐదేళ్ల వెనక్కి వెళ్లి అడగొచ్చు. ఎగ్గొట్టిన డ్యూటీ, దాని మీద 15 శాతం వడ్డీ, డ్యూటీ అంత పెనాల్టీ. మలేషియా మాటా అంతే. ఇవి వస్తువు పుట్టిన దేశాన్ని చూసి వేసే సుంకాలు. ఓడ ఏ రేవులో ఆగి వచ్చినా చైనాలో తయారైంది చైనాదే.

ఇక డబ్బుల లెక్క. చైనా వ్యాక్యూమ్ ఫ్లాస్కుల మీద 2025 మార్చిలో టన్నుకు 1,732 డాలర్లు వేశారు. టన్నుకు అంటే మనకు పెద్దగా ఎక్కదు, ఒక్క పీసుకు దించి చూడు. ఫ్లాస్కు 350 గ్రాములు, డాలర్ 86 అనుకుంటే పీసుకు దాదాపు 52 రూపాయలు. మన రేవు దాకా చేరిన ధర 250 అనుకో. బేసిక్ డ్యూటీ 20 శాతం చొప్పున 50, దాని మీద పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి 5, యాంటీ డంపింగ్ 52. మొత్తం 357. దిగుమతి మీద పడే జీఎస్టీ, అంటే ఐజీఎస్టీ, ఈ 357 మీద లెక్కగడతారు, 250 మీద కాదు. ఐజీఎస్టీ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. ఆ 52 రాదు, అది నీ ఖర్చులోనే కలిసిపోతుంది. ఇంకో సంగతి, బరువు మీద వేసే సుంకం చవక సరుకునే ఎక్కువ కొడుతుంది. బరువు ఒకటే అయితే 150 రూపాయల ఫ్లాస్కుకీ అదే 52, 600 రూపాయల దానికీ అదే 52. నువ్వు అనుకుంటున్న రిటర్న్ గిఫ్ట్ రకం చవకదే కదా, అసలు దెబ్బ అక్కడ. కాబట్టి శాంపిల్ తెప్పించి కాటా మీద పెట్టకుండా అడ్వాన్స్ పంపకు.

ఖర్చు తగ్గించుకునే దారులు లేకపోలేదు. కొన్ని సరుకుల నోటిఫికేషన్లలో తయారీదారును బట్టి రేటు మారుతుంది, టేబుల్ మొత్తం చదవాలి. ఈ సుంకాలు మామూలుగా ఐదేళ్లకు వేస్తారు, గడువు ఎప్పుడు అయిపోతుందో చూసుకోవాలి. కోడ్ మీద నిజంగానే అనుమానం ఉంటే ముందుగానే కోడ్ తేల్చి చెప్పే, ఢిల్లీ, ముంబైలలో ఉన్న అడ్వాన్స్ రూలింగ్ అథారిటీకి 10,000 రూపాయలు కట్టి అడగొచ్చు. మూడు నెలల్లో చెప్పాలి, చెప్పింది కొన్నేళ్లు చెల్లుతుంది. నీ వెయ్యి ఫ్లాస్కులకు అంత అవసరం లేదులే. నేనైతే ఇక్కడి తయారీదారుల రేటు అడిగి 357తో పక్కపక్కన పెట్టి చూస్తాను.

అసలు వీటన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇంకోటుంది. ఇన్సులేటెడ్ ఫ్లాస్కులకు క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్, అంటే నాణ్యత ముద్ర తప్పనిసరి చేసే ప్రభుత్వ ఉత్తర్వు, ఉంది. అక్కడి ఫ్యాక్టరీకి మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చే లైసెన్సు లేకపోతే డ్యూటీ ఎంత కట్టినా సరుకు బయటికి రాదు. సప్లయర్‌ని లైసెన్సు నంబర్ పంపమను. మా బావమరిది ఇలాగే ఒకడిని అడిగాడు. అప్పటిదాకా పూటకో మెసేజ్ పెట్టినవాడు, ఆ ప్రశ్న చూసి రెండు రోజులు మాట్లాడలేదు.