బడి కార్యక్రమానికి విజన్, మిషన్: రాసే ముందు అడగాల్సినవి

బడి అయ్యాక నడిపే చదువు కార్యక్రమానికి విజన్, మిషన్ రాసుకు రమ్మని హెడ్మాస్టరుగారు మీకు అప్పగించారని, దొరికిన నమూనాలన్నీ ఒకేలా ఉన్నాయని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని అడిగారు. బడీ, చుట్టుపక్కల కుటుంబాలూ కలిసి నడిపిన ఇలాంటి కార్యక్రమానికే ఆ రెండు వాక్యాలు రాసిన బృందంలో నేనూ ఉన్నాను. నమూనాలు పక్కన పెట్టేయండి. మొదటి సమావేశానికి వాక్యాలు రాసుకుని వెళ్లకండి. నలుగురినీ అడిగి, వాళ్లన్న మాటలు పట్టుకెళ్లండి.

విజన్ అంటే మన పని ఫలించిన నాడు చుట్టూ ఎలా ఉంటుందో చెప్పే మాట. మిషన్ అంటే అందుకోసం మనం ఎవరికి, ఏం చేస్తాం, ఎందుకు అన్నది. 1976లో అమెరికాలో మొదలైన హేబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ విజన్ చూడండి: ప్రతి ఒక్కరికీ తగిన నివాసం ఉన్న ప్రపంచం. అందులో వాళ్లు ఇళ్లు కడతారన్న మాటే లేదు. మనుషుల్ని కూడగట్టి ఇళ్లు కట్టడం మిషన్‌లోకి వస్తుంది. ఈ తేడా గుర్తుంటే చాలు, నిర్వచనాల మీద సమయం వృథా చేయకండి.

అసలు కష్టం అడగడంలో ఉంది. ‘మన కార్యక్రమం లక్ష్యం ఏమిటి?’ అంటే అందరూ ‘పిల్లలు బాగా చదువుకోవాలి’ అనే అంటారు, అక్కడితో ఆగిపోతారు. మేము తల్లిదండ్రుల్ని ‘మీ పిల్లలు ఇక్కడికి రెండేళ్లు వస్తే ఇంట్లో మీకు ఏం తేడా కనిపించాలి?’ అని అడిగాం. అప్పుడు ఒకావిడ ‘మా వాడు గడగడా చదివేస్తాడండీ, ఏం చదివావురా అంటే నోరు విప్పడు’ అంది. అప్పటిదాకా మా చిత్తుప్రతిలో ‘ధారాళంగా చదవడం’ అనే ఉంది. ఆ మాటతో ‘చదివింది అర్థం చేసుకుని తన మాటల్లో చెప్పడం’ అని మారింది. తరవాత ఏ పుస్తకాలు తేవాలి, ఎలా పరీక్షించాలి అన్నవన్నీ దాని వెంటే మారాయి.

గేటు తాళం వేసే మనిషిని కూడా అడగండి. చాలామంది వదిలేస్తారు కానీ, ఎవరు ఉంటున్నారో, ఎవరు త్వరగా వెళ్లిపోతున్నారో ఆయనకు తెలిసినంతగా టీచర్లకు తెలియదు. మా దగ్గర, ఎక్కువ సాయం కావలసిన ఆడపిల్లలే చెల్లెళ్లనూ తమ్ముళ్లనూ చూసుకోవాలని బడి వదలగానే వెళ్లిపోతున్నారని చెప్పింది ఆయనే. చిన్నపిల్లల్ని కూడా వెంట తెచ్చుకోవచ్చని అప్పుడే నిర్ణయించాం.

అభిప్రాయాలు కలవనప్పుడు కంగారు పడొద్దు, రావలసిన వాదన అక్కడే వస్తుంది. టీచర్లకు మార్కులు పెరగాలి. తల్లిదండ్రుల్లో కొందరికి తాము పని నుంచి వచ్చేదాకా పిల్లలు భద్రంగా ఉంటే చాలు. రెండూ న్యాయమైన కోరికలే. కానీ రెండింటినీ, ఆపైన ఆటలనూ విలువలనూ కూడా కలిపి ఒకే వాక్యంలో కుక్కితే అది ఎవరికీ దారి చూపదు. మేము భద్రతను మిషన్‌లో పెట్టలేదు, ఏ రోజైనా తప్పకూడని నియమంగా విడిగా రాసుకున్నాం. మార్కుల మాట అసలు రాయనేలేదు. ఎక్కువమంది ఒప్పుకోవడానికే చాలా సమావేశాలు పట్టాయి, ఒకరిద్దరు చివరిదాకా ఒప్పుకోలేదు కూడా.

మాటలు పోగయ్యాక రాత పని ఇద్దరికి మించి అప్పగించకండి. పదిమంది కూర్చుని రాస్తే ప్రతివారూ ఒక విశేషణం చేరుస్తారు. ‘విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికి నాణ్యమైన విద్యను అందించడం’ అని రాశారనుకోండి, బడి పేరు తీసేసి ఇంకో బడి పేరు పెట్టినా సరిపోతుంది. అలా సరిపోయిందంటే తిరగరాయాల్సిందే. మా మిషన్ చివరికి ఇలా తేలింది: ‘ఇంట్లో చదివించే తీరిక ఎవరికీ లేని మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల పక్కన రోజూ ఒక పెద్దవారు కూర్చుని, చదివింది అర్థం చేసుకుని చెప్పడం నేర్పుతారు, పై తరగతుల్లో ఏ పాఠానికీ వాళ్లు భయపడకూడదని.’ విజన్ ఇంకా చిన్నది: ‘మా చుట్టుపక్కల ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ తనకు నచ్చిన పుస్తకం తానే చదువుకుంటారు.’ వీటిని ఐదో తరగతి పిల్లలకు చదివి వినిపించి, ఏం అర్థమైందో చెప్పమన్నాం. వాళ్లు తడబడిన మాటలు తీసేశాం.

మిషన్ పని చేస్తోందో లేదో ఒక మంచి అవకాశం వచ్చినప్పుడు తెలుస్తుంది. మాకు ఒక దాత కంప్యూటర్లు ఇస్తామన్నారు, అదే గదిలో అదే గంటలో పై తరగతుల వాళ్లకు క్లాసులు పెట్టాలన్నారు. మంచి మనసుతో ఇస్తున్నవారికి కాదనడం ఎవరికైనా ఇబ్బందే. ఆ వాక్యం చూపించి, చిన్న పిల్లల గంటను కదపలేమని, సెలవు రోజైతే సంతోషంగా తీసుకుంటామని చెప్పాం. ఆయన అర్థం చేసుకున్నారు. రాసిన వాక్యం లేకపోతే అది మా సొంత పట్టుదలలా కనిపించేది.

ఆ రెండు వాక్యాలతో పని ఆపేయకండి. అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయం కమ్యూనిటీ టూల్ బాక్స్ పేరుతో ఉచితంగా అందించే పాఠాల్లో ఐదు మెట్ల వరుస ఉంది: విజన్, మిషన్, లక్ష్యాలు, వ్యూహాలు, కార్యాచరణ ప్రణాళిక. లక్ష్యం రాసేటప్పుడు ఎంత, ఏది, ఎప్పటికల్లా అన్న మూడూ ఉండాలంటారు. నాకు బాగా ఉపయోగపడింది అదే. ‘చదువు మెరుగుపడాలి’ అని రాసుకుంటే ఏడాది చివర అడగడానికి ఏమీ మిగలదు. ‘ఇప్పుడున్న నాలుగో తరగతి పిల్లల్లో సగం మంది ఏడాది చివరికల్లా కొత్త కథ చదివి సొంత మాటల్లో చెప్పగలగాలి’ అంటే అడగొచ్చు.

విజన్‌ను ఏటా కదపొద్దు. మిషన్‌ను మాత్రం కొత్త విద్యా సంవత్సరం ముందు ఒకసారి, కొత్తగా చేరిన తల్లిదండ్రులను కూర్చోబెట్టుకుని చదవండి. పిల్లలు మారితే అవసరం కూడా మారి ఉండొచ్చు. హెడ్మాస్టరుగారు ఇచ్చిన గడువు మరీ దగ్గరైతే, తల్లిదండ్రుల మాటలు పోగు చేయడానికి ఇంకొంచెం సమయం అడగండి. కారణం చెబితే ఎక్కువమంది కాదనరు.