చైల్డ్ ఆర్టిస్టుగా పేరొచ్చింది, ఇప్పుడు పిలుపుల్లేవు

ప్రశ్న: సార్, ఏడేళ్లప్పటి నుంచి పన్నెండేళ్ల దాకా సినిమాల్లో, సీరియళ్లలో నటించాను. ఇప్పుడు నాకు 18. ఆడిషన్‌కి వెళ్తే "నువ్వు ఆ బుడ్డోడివి కదా!" అంటూ సెల్ఫీలు దిగుతారు, వేషం మాత్రం ఇవ్వరు. డైరెక్షన్ వైపు వెళ్దామనుకుంటున్నాను, ముందు ఒక షార్ట్ ఫిల్మ్ తీయాలంటే డబ్బు కావాలి. నటన వదిలేయాలా? (ఒక పాఠకుడు)

జవాబు: వదలక్కర్లేదు బాబూ. కానీ డైరెక్షన్ మీద మనసు పోయింది వేషాలు రాకనా, చెప్పాలనుకున్న కథ ఉండా? అది ముందు తేల్చుకో. వేషాలు రాక వచ్చినవాళ్లు అసిస్టెంటుగా ఎక్కువ రోజులు నిలవరు. నిన్నటిదాకా నీకు గొడుగు పట్టిన సెట్లోనే నువ్వు జూనియర్ ఆర్టిస్టుల్ని నిలబెట్టాలి, నటులకు డైలాగ్ ప్రాంప్టింగ్ (పక్కనుంచి మాటలు అందించడం) ఇవ్వాలి, కో-డైరెక్టర్ చేత తిట్లు తినాలి. పౌరుషం పొడుచుకొస్తే కష్టం.

'కళత్తూర్ కణ్ణమ్మ' (1960)తో చిన్నప్పుడే పేరు తెచ్చుకున్న కమల్‌హాసన్, కుర్రతనంలో తంగప్పన్ మాస్టర్ దగ్గర డ్యాన్స్ అసిస్టెంటుగా పనిచేశాడు. దర్శకుడిగా తెర మీద పేరు వేసుకున్నది 1997లో, 'చాచీ 420'తో. హాలీవుడ్‌లో రాన్ హోవార్డ్ అంత ఆగలేదు. టీవీలో బాలనటుడిగా ఇంటింటికీ తెలిసిన మొహం. "మీ సినిమాలో హీరోగా చేస్తాను, నాకో సినిమా డైరెక్ట్ చేసే అవకాశమివ్వండి" అని నిర్మాత రోజర్ కార్మన్‌తో బేరం పెట్టుకుని, 1977లో 23 ఏళ్లకే దర్శకుడయ్యాడు. నటన వదిలేసి ఉంటే ఆ బేరానికి చేతిలో ఏముండేది?

పెద్ద వేషాల సంగతి. మహేశ్‌బాబు 1990లో బాలనటుడి వేషాలు ఆపేసి, 1999లో హీరోగా వచ్చాడు. ఆయన్ని ఉదాహరణగా తీసుకోకు, వాళ్ల ఇంట్లోనే స్టూడియో ఉంది! నీకు దగ్గరగా ఉండేది తేజ సజ్జా దారి. 1998 'చూడాలని వుంది'లో పిల్లాడు. 2019 'ఓ బేబీ'లో మనవడి పాత్ర. హీరో అయ్యింది 2021లో. మధ్యలో ఆ మనవడి లాంటి వేషం వస్తే చిన్నదని తోసేయకు. జనం కళ్లలోంచి ఆ బుడ్డోడు పక్కకి తప్పుకోవడానికి అలాంటివే పనికొస్తాయి.

ఇక నీ దగ్గర మిగతా కుర్రాళ్లకి లేనిది ఒకటుంది. నువ్వు ఏడ్చిన సీన్ ఏదైనా మళ్లీ పెట్టుకుని, ఆడియో తీసేసి చూడు. నీ క్లోజప్ ఎంతసేపుంది, ఎక్కడ కట్ చేసి ఎదుటివాళ్ల రియాక్షన్‌కి వెళ్లారు, నువ్వు సరిగ్గా చేయలేని ముక్కని దేనితో కప్పారు? షూటింగ్‌లో ఏం జరిగిందో నీకు గుర్తుంటుంది, ఎడిటింగ్ టేబుల్ మీద ఏం జరిగిందో తెర మీద కనిపిస్తుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు ఏ ఫిల్మ్ స్కూల్ విద్యార్థికీ ఉండదు. అసిస్టెంటుగా చేరితే కంటిన్యూటీ (ఒక షాట్‌కీ తర్వాతి షాట్‌కీ బట్టలు, వస్తువులు తేడా రాకుండా చూసుకోవడం) పని అడుగు. ఖాళీ దొరికితే ఎడిటింగ్ రూమ్‌లో కూర్చో.

షార్ట్ ఫిల్మ్‌కి డబ్బు కావాలంటావు. 2017లో సవరించిన బాలకార్మిక నిబంధనల ప్రకారం బాలనటుల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో వాళ్ల పేరునే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, మేజరయ్యాక అది వాళ్లకే చెందుతుంది. ఆ నిబంధన వచ్చాక నువ్వు చేసిన సినిమాల తాలూకు డిపాజిట్ కాగితాలు ఎక్కడున్నాయో మీ నాన్నగారిని అడుగు. మొహమాటపడకు, అది నీ పారితోషికమే.